కాళ్లు పడల్ల, నేల పడల్ల

తియానన్‌మెన్ మైదానం చుట్టూ రేకులు కట్టి, పాత పలకలు పెకిలించి కొత్త రాళ్ళు పరిచిన ఏడాది, మెంగ్ షూలాన్ రోజూ పొద్దున్నే ఆ రేకుల దగ్గరికి పోయి లోపలున్న కూలీలను తిట్టేది. అప్పటికే రిటైరైన మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కోవలసిన వయసు. "మెల్లిగా ఎత్తండర్రా! విరగ్గొడతారేంటి, మీ బాబు సొమ్మా?" అని రేకు సందులోంచి అరిచేది. కూలీలు మొదట్లో నవ్వారు, తరువాత విసుక్కున్నారు. చివరికి వాళ్ళ వీధి కమిటీ వాళ్ళు నాకు కబురు చేశారు, మీ పాత స్నేహితురాలికి మతి చలించినట్టుంది, వచ్చి తీసుకుపొమ్మని.

మతి చలించలేదు. ఆమె ఏడుపు దేనికో నాకు తెలుసు. తెలిసినవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి చెబుతున్నాను.

నన్ను తావ్ అంటారు. ఆ మైదానంలో షూలాన్ పక్కన బల్ల వేసుకుని కూర్చునేవాణ్ణి. ఆమె ఫోటో తీసేది, నేను కవరు మీద అడ్రసు రాసేవాణ్ణి. అప్పట్లో మామూలు జనం దగ్గర కెమెరాలు ఎక్కడివి? దేశం నలుమూలల నుంచి వచ్చి, మా స్టూడియో వాళ్ళ గొడుగు ముందు వరసకట్టి, మైదానం కొసనున్న కోట ద్వారం మీది నాయకుడి పెద్ద పటం సరిగ్గా తమ తలకి పైన వచ్చేలా ఒక ఫోటో దిగి, ఊరికి పోయేవారు. ఫోటో తరువాత పోస్టులో వెళ్ళేది. మనిషికి ఒక్కటే. ఫిల్ముకి కరువు రోజులవి. ఆ క్షణాన కళ్ళు మూసుకున్నారా, ఇక జీవితాంతం గోడ మీద కళ్ళు మూసుకునే ఉంటారు.

నాకు ఆ జనమంటే ఒళ్ళుమంటగా ఉండేది. ఒకడు కొత్త చొక్కా మడత నలిగిందని మళ్ళీ ఇస్త్రీ చేయించుకొస్తానంటాడు. ఇంకొకామె పెళ్ళికాని చెల్లెలు పొడుగ్గా కనపడాలని ఇటుక ఉందా అని అడుగుతుంది. ఇక అడ్రసు చెప్పమంటే తమ ఊరు ప్రపంచమంతటికీ తెలిసినట్టు "వాగు దాటాక రెండో ఇల్లు" అంటారు. నేను కసురుకునేవాణ్ణి. షూలాన్ మాత్రం ఇటుక తెచ్చిపెట్టేది.

ఆమె మొదట స్టూడియోలో నెగెటివ్‌ల మీద సన్నటి కుంచెతో మచ్చలూ ముడతలూ చెరిపే పిల్లగా చేరింది. చెయ్యి ఎంత నాణ్యమంటే, కన్ను లొట్టపోయినవాడికి కూడా కన్ను పెట్టి పంపేది. తరువాత మైదానానికి వేశారు. ఇంత దేశానికి ఫోటోలు తీసిన మనిషికి కన్నతల్లి ఫోటో లేదు. ఇంట్లో ఉన్న పాత ఫోటోలన్నీ, పాతవేవి దొరికినా దండించే ఆ చెడ్డ రోజుల్లో భయపడి పొయ్యిలో పెట్టేశారు. ఆ తరువాత మైదానానికి రమ్మంటే ఆవిడ, "రోజూ బస్సులో ఆ పక్క నుంచే పోతాను, అక్కడ నిలబడి పళ్ళికిలించడం దేనికే?" అనేదట. పెకింగ్‌లో పుట్టినవాళ్ళెవరూ అక్కడ ఫోటో దిగరు, అది ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళ పని అనుకుంటారు. అలా అలా వాయిదా పడి, ఆవిడ పోయినప్పుడు శవం ముందు పెట్టడానికి పటం లేక, ఒక తెల్ల కాగితం మీద పేరు రాసి ఆనించారు. జనం ఆ కాగితానికి వంగి దండం పెడుతుంటే షూలాన్ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వంటింట్లో నిలబడిపోయింది. ఈ సంగతి నాకు ఒకే ఒక్కసారి చెప్పింది.

ఆమె కెమెరా పాత రెండు కళ్ళ పెట్టె. పై కంటితో మనం చూస్తాం, కింది కన్ను ఫిల్ముది. మెడలో వేలాడేసుకుని, తల వంచి పైనుంచి చూడాలి. వసంతంలో మా ఊరికి ఎడారి నుంచి పసుపచ్చటి దుమ్ముగాలి వస్తుంది. ఆ దుమ్ము అద్దాన్ని గీకేస్తుందని షూలాన్ పాత ఫెల్టు చెప్పు ముక్క కోసి కింది కంటికి ఒక చిన్న మూత కుట్టింది. ఫోటోకి ముందు ఎడమ బొటనవేలితో తీసేది, ఫిల్ము తిప్పగానే పెట్టేసేది.

"పసిదానికి కుళ్ళాయి పెట్టావా అక్కా? జలుబు చేసిందా?" అనేవాణ్ణి నేను.

"నీ నోటికి పెట్టాలి ఇలాంటిదే. ఊరంతా బాగుపడుతుంది," అనేది.

అలాంటి దుమ్ము రోజునే వచ్చింది డూ అవ్వ, కొడుకు వీపు మీద. హెబెయ్ కొండల్లోని ఊరు వాళ్ళది. కొడుకు పేరు మాన్‌షాన్, పాతికేళ్ళుంటాయేమో, బండరాయిలాంటి మనిషి. అవ్వ మాత్రం ఎండుపుల్లలా ఉంది. పెద్దాసుపత్రిలో చూసి, కడుపులో పుండు ముదిరిపోయింది, ఇంటికి తీసుకుపొమ్మన్నారట. స్టేషనుకి పోతూ దారిలో మా దగ్గర ఆగారు.

షూలాన్ ఆవిణ్ణి దించి, ద్వారం వైపు వీపు పెట్టించి, అందరికీ చేసినట్టే నడుము దాకా వచ్చేలా సర్దింది.

"కాదు తల్లీ," అంది అవ్వ. "ఫోటోలో కాళ్లు పడల్ల. నేల పడల్ల."

"నేలా? దేనికి పెద్దమ్మా? ముఖం చిన్నదైపోతుంది."

"చిన్నదైతే కానీలే. మా ఆయప్ప ఈడ నేల పరిసినాడు. ఈ మైదానం పెద్దది చేసేటప్పుడు మా ఊరి నుంచి కూలికి వచ్చిరి. తిరిగొచ్చినాక దగ్గుతో మంచాన పడి పోయినాడు. ఆయప్పకి ఒక్క ఫోటో గూడా లేదు. వీడికి వాళ్ల నాయన మొకమే తెలీదు."

"ఎక్కడ పరిచాడో తెలుసా?"

అవ్వ తలెత్తి మైదానమంతా ఒకసారి చూసింది. "యాడో ఏమో. చేను మాదిరి ఉంటాదిలే, ఎవర్నడిగినా చూపిస్తారులే అనుకుంటి. ఇది సూస్తే కొస కనపడకుండా ఉండాది. అందుకే చెప్తాండా, ఎంత నేల పడితే అంత నేల పడల్ల. ఏదో ఒకటి ఆయప్పది అయ్యుంటాది. నేను పోయినాక ఇంట్లో పటం పెడతారు గదా, ఇద్దరం ఒకే పటంలో ఉంటాం."

కసురుకోవడానికి నోరు తెరిచినవాణ్ణి మూసేసుకున్నాను. షూలాన్ వెనక్కి, ఇంకా వెనక్కి నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని కెమెరాని నేలకి ఆనేంతగా దించింది. ఎన్నడూ అలా తీసింది లేదు. గాలి రయ్యిమని కొడుతోంది. కొడుకు ఫోటోలో పడకుండా పక్కకి తప్పుకోగానే అవ్వ ఊగిపోయింది.

"తొందరగా తియ్యక్కా, పడిపోతాది!" అని అరిచాడు కొడుకు.

కెమెరా టిక్కుమంది. అవ్వ ఒరిగిపోయింది. ముగ్గురం పరుగెత్తి పట్టుకున్నాం. నీళ్ళు తాగించాం. నేను కవరు మీద వాళ్ళ ఊరి పేరు రాశాను. మాన్‌షాన్ అవ్వను వీపున ఎక్కించుకుని ట్రాలీ బస్సుకేసి పరుగులాంటి నడకతో పోయాడు. అవ్వ వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే ఉంది.

తరువాత వంతు ఒక బట్టల మిల్లు ఆడవాళ్ళది. ఎవరు ముందు, ఎవరు వెనక అని కిచకిచలాడుకుంటూ నిలబడేసరికి కాస్త సమయం పట్టింది. షూలాన్ ఫిల్ము తిప్పి, బొటనవేలు ముందుకు చాపింది. మూత అప్పటికే పెట్టి ఉంది. అక్కడే ఆగిపోయింది.

"తావ్," అంది. "ఆవిడ ఫోటోకి నేను ఇది తీశానా?"

"తీసే ఉంటావు."

"తీసి మళ్ళీ పెట్టానా, అసలు తియ్యనే లేదా?"

నాకేం తెలుసు! నేను అవ్వ మొహం చూస్తున్నాను, ఆమె వేలు చూడలేదు. పై కంట్లో అంతా చక్కగానే కనపడుతుంది, కింది కన్ను మూసి ఉన్నా సరే. ఆ కెమెరాతో ఉన్న శాపమే అది.

మా సూపర్వైజరు ఫెయ్ గొడుగు కింద టీ ఊదుకుంటున్నాడు. "ఇన్నేళ్ళ చెయ్యి, దానంతటదే తీసేసుంటుంది. సాయంత్రం ఫిల్ము రోలు కడిగితే తెలుస్తుందిగా. ముందు ఈ వరస సంగతి చూడు," అన్నాడు.

"సాయంత్రానికి ఆవిడ రైల్లో ఉంటుంది."

"ఉంటే ఉంటుంది. తీసే ఉంటావంటున్నానుగా."

"తీసే ఉంటావు అన్న మాటని ఆవిడ గోడకి తగిలించుకుంటుందా?" అని గయ్యిమంది షూలాన్. ఆమె అంత కోపంగా ఉండగా నేనెన్నడూ చూడలేదు. కెమెరా మెడలో ఉండగానే బస్సు స్టాపు వైపు పరుగెత్తింది. మిల్లు ఆడవాళ్ళు నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఫెయ్ రిపోర్టు రాస్తానని వెనకనుంచి అరుస్తున్నాడు. నేనూ బల్ల వదిలేసి ఆమె వెంట పడ్డాను.

బస్సులో నిలబడి షూలాన్ ఎడమ చేతిని గాల్లో ఆడిస్తూనే ఉంది. మోకాళ్ళు కొద్దిగా వంచుతుంది, తల వంచుతుంది, బొటనవేలు కదిలిస్తుంది, మళ్ళీ మొదలు. ఆ వేలికే గుర్తొస్తుందేమోనని ఆశ. పక్కనున్నాయన జరిగి కూర్చున్నాడు. ఏం చెప్పి ఓదార్చాలి? తీశావు అంటే నమ్మదు, తియ్యలేదు అనడానికి నాకు నోరు రాదు.

యోంగ్‌డింగ్‌మెన్ స్టేషనులో ఇసుక వేస్తే రాలనంత జనం. మాన్‌షాన్ వేడినీళ్ళ కొళాయి దగ్గర మగ్గు పట్టుకుని దొరికాడు. షూలాన్ ఆయాసపడుతూ ఉన్నదున్నట్టు చెప్పింది. ఫోటో పడి ఉండొచ్చు, పడకపోయి ఉండొచ్చు, తనకి తెలియదు.

వాడు మగ్గు నేలకేసి కొట్టాడు. "ఇప్పుడా చెప్పేది? ఆమెని వీపున మోసుకొని ఊరంతా తిరిగినా. ఇప్పుడొచ్చి తెలీదంటావా?"

"ఇంకా వెలుతురుంది. తిరిగి వెళ్దాం, ఒక్క నిమిషం చాలు."

"ఈ రైలు పోతే మళ్లా రేపే. పొద్దున రెండుసార్లు రక్తం కక్కింది. రేపటిదాకా ఉంటాదని నువ్వు రాసిస్తావా? ఈడ పోతే ఈడే కాలుస్తారక్కా. బూడిద చేతిలో పెడతారు. మా నాయన పక్కన గుంత తవ్వి పెట్టినాం. బూడిద తీస్కపోయి ఆ గుంతలో ఏం పడుకోబెట్టల్ల?"

మా ఊళ్ళో పోయినవాళ్ళని కాలుస్తారు, అది మాకు మామూలు. వాళ్ళ కొండల్లో కాలిస్తే మనిషి రెండోసారి చచ్చినట్టు.

ఆ కేకలు అవ్వ చెవిన పడ్డాయి. మూట మీద తల పెట్టుకుని బల్ల మీద పడుకుని ఉంది. "ఏందిరా? ఫోటోలమ్మ గదా ఆమె? ఏం, ఫోటో పడలేదా?"

"పడిందిలేమ్మా. నువ్వు పడుకో."

"పడకుంటే తిరిగి పోదాం పద. రైలు పోతే పోనీ."

"అమ్మా, నీకు దండం పెడతా. ఈడ నీకేమన్నా అయితే..."

"అయితే కానీ! కాలిస్తే కాల్చనీ! ఇన్నేండ్లు ఆయప్ప మొకం సూడకుండా బతికినా. ఉత్త చేతుల్తో పోయి ఆ గుంతలో పండుకొని ఏం చెప్పల్లరా?" అవ్వ లేవబోయింది. లేవలేకపోయింది. షూలాన్ చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పు తల్లీ. నా కండ్లలోకి సూసి చెప్పు. పడినానా?"

మాన్‌షాన్ తల్లి వెనక నిలబడి షూలాన్‌ని చూస్తున్నాడు. రెండు చేతులూ జోడించి ఉన్నాయి. షూలాన్ ఒకసారి వాణ్ణి చూసింది, ఒకసారి అవ్వని చూసింది. ఆ నిమిషంలో ఆమె ముసలిదైపోయిందని నాకనిపించింది.

"పడ్డారు పెద్దమ్మా. కాళ్ళు పడ్డాయి, నేల పడింది. చాలా నేల పడింది."

"మరి ఇంత రొప్పుకుంటూ ఎందుకొచ్చినావు?"

"ముఖం చిన్నగా పడిందని. పటానికి ముఖం పెద్దగా ఒకటి తీద్దామని వచ్చాను."

అవ్వ నవ్వింది. ముందు పళ్ళు రెండు లేవు. "పిచ్చిదానా! ఒకటి తీసినావు గదా, మళ్లీ ఫిల్ము పాడు జేస్తావా? మీవాళ్లు తిట్టరా?" అంటూనే లేపమని కొడుక్కి చెయ్యి చాపింది, నీలం కోటు మెడ బొత్తాం పెట్టుకుంది, జుట్టు తడి చేత్తో సర్దుకుంది. షూలాన్ మూత తీసి, తీసిన మూతని నా చేతిలో పెట్టింది. అప్పుడు ఫోటో తీసింది. రైలు కూత వేసింది.

సాయంత్రం స్టూడియో చీకటిగదిలో రోలు కడిగారు. మిగతావన్నీ పడ్డాయి. ఎవరెవరో నవ్వుతున్నారు, పిల్లలు చేతులూపుతున్నారు, స్టేషనులో అవ్వ బొత్తాం సరిగ్గా పెట్టుకుని చూస్తోంది. మైదానంలో అవ్వ ఉండవలసిన చోట ఫిల్ము ఖాళీగా ఉంది. షూలాన్ దాన్ని దీపానికి ఎత్తి పట్టుకుని ఎంతసేపు చూసిందో. చూస్తే కాళ్ళైనా కనపడతాయన్నట్టు.

ఫెయ్ చెడ్డవాడు కాదు. రిపోర్టు ఊసెత్తలేదు. "ముఖం ఉంది, మైదానం ఫోటోలు కావలసినన్ని ఉన్నాయి. కత్తిరించి అతికించు. నీ చేతికి అదెంత? ఎవడు కనిపెడతాడు?" అన్నాడు.

ఆమె కత్తెర తీసుకుంది. అవ్వ భుజం చుట్టూ సగం దాకా కత్తిరించింది. అక్కడ ఆపేసి కత్తెర బల్ల మీద పెట్టింది. "ఇప్పటికే ఒకసారి అబద్ధం చెప్పాను. కాయితం కాళ్ళు పెట్టి రెండోసారి చెప్పలేను," అంది. మరొక ప్రింటు వేసుకుని, తలుపు వేసుకుని ఏడ్చింది. నేను బయట నిలబడి విన్నాను.

మర్నాడు జనం రాకముందే మైదానానికి వచ్చి, నేల మీద బోర్లా పడుకుని ఫోటో తీసింది. ద్వారం లేదు, పటం లేదు, మనిషి లేడు. పలకలు, పలకల మధ్య గీతలు, ఎంత పడితే అంత నేల. కాపలా జవాను వచ్చి, "ఏం పోయిందమ్మా? వెతుకుతున్నావా?" అన్నాడు.

"అవును నాయనా," అంది.

పోస్టును నమ్మలేదు. రెండు ఫోటోలూ గుడ్డలో చుట్టుకుని బయలుదేరింది. ఒక్కదాన్నే పంపలేక నేనూ వెళ్ళాను. రైలు దిగి, ట్రాక్టరెక్కి, అక్కడినుంచి కొండదారిన నడిచాం. దారి పొడుగునా ఒకటే మాట, "ఉంటుందంటావా తావ్? ఉంటుంది కదా?" ఉంటుందనే అన్నాను. ఊరు చేరేసరికి వాళ్ళ గుమ్మానికి చావు ఇంటికి కట్టే తెల్లకాగితాలు వేలాడుతున్నాయి.

వాకిట్లో శవపేటిక. మూత ఇంకా వెయ్యలేదు. ఒక పెద్దాయన సుత్తి, మేకులు పట్టుకుని నిలబడ్డాడు. శవపేటిక ముందున్న బల్ల మీద గంజి గిన్నె, అగరొత్తులు, తెల్లకాగితం మీద రాసిన పేరు. షూలాన్ ఆ కాగితాన్ని చూసి గోడ పట్టుకుంది. నాకు ఆమె తల్లి గుర్తొచ్చింది.

మాన్‌షాన్ చావుకి కట్టుకునే నార బట్టల్లో ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. "పడిందా?" అన్నాడు. తిట్టు లేదు, పలకరింపు లేదు.

"పడలేదు."

వాడు అలాగే కూలబడ్డాడు. "దినామూ అడిగె. పోస్టు వచ్చిందా, ఫోటో వచ్చిందా అని. పడిందిలేమ్మా, వస్తాది, వస్తాది అంటా వచ్చినా. నిన్న పొద్దున గూడా అడిగె." తల నేలకేసి కొట్టుకున్నాడు. "నేనే తిరిగి పోనీలేదు. నేనే పోనీలేదు."

"నీ తప్పు కాదు, మూత నాది," అంది షూలాన్. వాడు వినలేదు.

షూలాన్ మొదట స్టేషనులో తీసిన పటం బయటపెట్టింది. పెద్దాయన కాగితం తీసేసి దాన్ని ఆనించాడు. ఆడవాళ్ళు ఆ నవ్వుమొహం చూసి గొల్లుమన్నారు. తరువాత రెండోది తీసి మాన్‌షాన్ చేతికిచ్చింది. వాడు అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంది?"

"మైదానం నేల."

"మనుషులే లేరే."

"లేరు."

"ఇందులో మా నాయనది ఏది?"

"తెలీదు తమ్ముడూ. ఏదో ఒకటి అయ్యుంటుంది."

అది తల్లి అన్న మాటే. వాడు ఫోటోలోని పలకల గీతల వెంట వేలు జరిపాడు. పెద్దాయన పొద్దెక్కుతోందని గుర్తుచేశాడు. మాన్‌షాన్ లేచి శవపేటిక కాళ్ళవైపు పోయాడు. దుప్పటి అంచు ఎత్తాడు. అవ్వ కాళ్ళకి కొత్త గుడ్డ చెప్పులు, తామరపూలు కుట్టినవి. వాటి కిందికి ఫోటోని జరిపాడు, నేల పైకి వచ్చేలా. ఒకసారి సర్ది, మళ్ళీ సర్ది, షూలాన్ వైపు తిరిగాడు.

"నువ్వే చూసి చెప్పక్కా. కాళ్లు పడినాయా?"

షూలాన్ దగ్గరికి వెళ్ళింది. కెమెరాలోకి చూసేటప్పటిలాగే తల వంచి, పైనుంచి చూసింది. తొందరపడలేదు. ఒక చెప్పు కాస్త పక్కకి ఉంటే వేలితో జరిపింది.

"పడ్డాయి," అంది. "నేల కూడా పడింది."

అప్పుడు మూత వేశారు.